కొబ్బరినీళ్ల మీద పడ్డ నింద

ఆ ఆదివారం పొద్దున నేను మారథాన్ పూర్తి చేశాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి బాత్రూంలోకి వెళ్లి, చూసింది నమ్మలేక లైటు వేసి మళ్లీ చూశాను. మూత్రం సులేమానీ చాయ్ రంగులో ఉంది. పాతబస్తీలో మా గౌలిపుర మూలమీది హోటల్లో పాలు కలపకుండా గాజు గ్లాసుల్లో పోసిస్తారే, అచ్చం ఆ రంగు. మెడలో మెడల్ ఇంకా తీయనే లేదు.

తొడలు రాళ్లలా బిగుసుకుపోయాయి. గడప దాటాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అంత దూరం పరుగెత్తినవాళ్లకు ఒళ్లు నొప్పులు మామూలే కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. రంగు సంగతి మాత్రం మా అత్తమ్మకు చెప్పాను. మా ఇంట్లో ఎవరి ఒంట్లో తేడా వచ్చినా మొదట చెప్పుకునేది ఆమెకే.

"వేడి చేసింది బిడ్డా," అంది అత్తమ్మ. "గంత దూరం ఎండల ఉరికితే వేడి చెయ్యదా మల్ల? జెర ఆగు, బొండాలు తెస్త."

మన ఇళ్లలో ఈ మాటకు తిరుగులేదు. కళ్లు మండితే వేడి, నోరు పూస్తే వేడి, మూత్రం పచ్చగా వస్తే వేడి. దానికి మందూ అందరికీ తెలిసిందే. కొబ్బరినీళ్లు, బార్లీ, సబ్జా గింజలు, పలచటి మజ్జిగ. మీరైనా అవే ఇచ్చేవారు, మీ అమ్మైనా అవే ఇచ్చేది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి అందరూ కలిసి అత్తమ్మ ఒక్కదాన్నే దోషిని చేశారు. నాకు ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

నా పేరు సుజాత. మాది పాల కుటుంబం. ఒకప్పుడు మా కొట్టం నిండా బర్రెలుండేవట. ఇప్పుడు రెండే ఉన్నాయి, మిగతా పాలు ఊరి బయటి నుంచి తెప్పించి వాడుక ఇళ్లకు పోస్తాం. తెల్లారకముందే లేవడం, నడవడం, బరువు మోయడం నాకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. మా ఆయన మల్లేశ్‌కు సుగర్ వచ్చాక డాక్టర్ ఆయన్ను నడవమన్నాడు. ఆయన వారం నడిచి మానేశాడు. తోడుగా వెళ్లిన నేను మానలేదు, నడక కాస్తా పరుగైంది. చీకటి విడవకముందే బయల్దేరి ఫలక్‌నుమా స్టేషన్ దాకా పోయి వెనక్కి వచ్చేదాన్ని. మొదట్లో గల్లీలో వాళ్లు, "ఏమైందక్కా, బర్రె తప్పించుకున్నదా?" అని అడిగేవాళ్లు. నవ్వుతూ అడిగేవాళ్లు కొందరు, నిజంగానే వెతకడానికి వెంట బయల్దేరినవాళ్లు కొందరు.

ఒక ఆదివారం లాడ్ బజార్ ముందు నుంచి పరుగెత్తుతుంటే, కొత్త నగరం వైపు నుంచి వచ్చిన రన్నర్ల గ్రూపు ఒకటి ఎదురైంది. అందరికీ ఒకే రంగు టీషర్టులు. నేను చుడీదార్ వేసుకుని, బూట్లలాంటి రబ్బరు చెప్పులతో వాళ్లను దాటుకుని పోయాను. వాళ్ల లీడర్ వెనకే పరుగెత్తుకొచ్చి పేరు అడిగాడు. అందరూ ఆయన్ను కెప్టెన్ అంటారు, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. నన్ను గ్రూపులో చేర్చుకున్నాడు. నాకు మొదటి మంచి బూట్లు కొనిచ్చింది ఆయనే, ఆ మాట దాచను. ఫొటోలు దిగేటప్పుడు నన్ను మధ్యలో నిలబెట్టి, "మా ఓల్డ్ సిటీ మిల్క్ ఎక్స్‌ప్రెస్" అని పరిచయం చేసేవాడు. నాకు అప్పుడు సంబరంగానే ఉండేది.

తర్వాత నన్ను పేసర్‌ను చేశారు. మారథాన్ తెలియనివాళ్లకు చెబుతాను. పేసర్ చేతిలో ఒక జెండా ఉంటుంది, దాని మీద ఎంతసేపట్లో పరుగు ముగుస్తుందో రాసి ఉంటుంది. ఆ టైముకు చేరాలనుకున్నవాళ్లు ఆ జెండా వెనకే వస్తారు. ఆ గుంపును బస్సు అంటారు. పేసర్ అంటే బస్సు డ్రైవరు. తను ఎంత బాగా పరుగెత్తగలదన్నది ముఖ్యం కాదు, వెనకున్నవాళ్లను టైముకు చేర్చాలి. జెండా దించిన పేసర్‌ను గ్రూపులో ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వుతారు. నేనది చూశాను, నేనూ నవ్వాను.

ఆ మారథాన్‌కు రెండు రోజుల ముందు నాకు జ్వరం వచ్చింది. మా గల్లీ అంతా వైరల్ ఫీవర్లే. శనివారం కెప్టెన్‌కు ఫోన్ చేశాను.

"సార్, నిన్నటి సంది జరం ఉన్నది. కాళ్లు గుంజుతున్నయ్. రేపు నాతోని కాదేమో."

"ఇప్పుడుందా జ్వరం?"

"గోలీ ఏస్కుంటే తగ్గింది సార్."

"తగ్గింది కదా మరి! చూడు సుజాతా, నీ బస్సులో అందరూ నిన్నే నమ్ముకున్నారు. ఆఖరి నిమిషంలో పేసర్ లేదంటే గ్రూపు పరువేం కాను? నువ్వు స్ట్రాంగ్. మీలాంటివాళ్ల బాడీయే వేరు."

ఆ మాట విని నేను పొంగిపోయాను. మీలాంటివాళ్ల బాడీ అంటే ఏమిటో ఇప్పుడు బాగా అర్థమవుతోంది. మా బర్రెల గురించి కూడా కొనేవాళ్లు అలాగే మాట్లాడతారు.

పొద్దున స్టార్ట్ లైన్ దగ్గర కెప్టెన్ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. నడుముకు కట్టుకున్న సంచిలోంచి గోలీల స్ట్రిప్ తీసి రెండు నా అరచేతిలో పెట్టాడు. మిగిలిన స్ట్రిప్ నా బెల్టులో దోపాడు.

"ఇవి ఇప్పుడు వేసుకో. సగం దాటాక ఒకటి, చివర్లో కాళ్లు పట్టేస్తే ఇంకొకటి."

"ఏం గోలీ సార్?"

"పెయిన్ కిల్లరే. మేమంతా వేసుకుంటాం, చాక్లెట్ లాంటిది."

చాక్లెట్ అన్నాడు కదా, నేను చాక్లెట్ లాగే వేసుకున్నాను. సగం దాటాక ఒకటి. తొడల్లో సూదులు దిగుతుంటే ఇంకొకటి. తర్వాత బస్సులో ఒకామె కిందపడి లేచేలోపు మరొకటి. వానలు మొహం చాటేసిన ఏడాది, ఎండ తొందరగానే ఎక్కింది. నీళ్ల టేబుల్ వచ్చినప్పుడల్లా నా వెనకున్నవాళ్లు తాగేదాకా నేను జెండా ఎత్తి పట్టుకుని నెమ్మదిగా నడిపించాలి. ఒక చేతిలో జెండా, ఇంకో చేతిలో గ్లాసు, రెండు గుటకలు వేసేసరికి ఎవరో ఒకరు "టైం అక్కా, టైం" అనేవాళ్లు. గ్లాసు పారేసి కదిలేదాన్ని. అందరినీ జెండా మీదున్న టైముకే చేర్చాను. కొందరు నన్ను పట్టుకుని ఏడ్చారు. కెప్టెన్ నాతో సెల్ఫీ దిగి వెంటనే గ్రూపులో పెట్టాడు. ఆ ఫొటో చూస్తే ఇప్పటికీ నా మొహం నాకే బూడిద రాసినట్టు కనిపిస్తుంది, ఎవరికీ అప్పుడు కనిపించలేదు.

ఇక ఇంటి సంగతి. అత్తమ్మ తనే గల్లీ చివరి బండి దగ్గరికి పోయి కొబ్బరి బొండాలు మోసుకొచ్చింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఒక్కో బొండం కొట్టి, చెంబులో పోసి, పక్కన కూర్చుని తాగించింది. "ఇంకో బుక్క తాగు బిడ్డా, మంచిగైతది" అంటూనే ఉంది. సాయంత్రం బార్లీ కాచింది. సోమవారం పొద్దున మళ్లీ బొండాలు. నేను ఎంత తాగినా మూత్రం రావడం తగ్గిపోయింది. మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి, కళ్ల కింద వాచింది. మా ఆయన "దవాఖానకు పోదాం పా" అన్నాడు. "వేడి దిగుతది, రేపటికి తగ్గుతది" అని నేనే వద్దన్నాను. కాళ్లు కదపాలంటేనే ఏడుపొచ్చేది, ఆటో ఎక్కడం మాట దేవుడెరుగు.

మంగళవారం పొద్దున లేవబోతే కాళ్లు లేవలేదు. నొప్పి కాదు, బలమే లేదు. గుండె ఒకసారి గబగబా కొట్టుకుని, ఒకసారి ఆగినట్టయ్యి, మళ్లీ ఎగిరేది. పక్క గల్లీ ఖాజా భాయ్ మా దగ్గర పాలు పోయించుకుంటాడు, ఆటో నడుపుతాడు. ఆయనా మా ఆయనా కలిసి నన్ను దుప్పట్లో ఎత్తి ఆటోలో పడుకోబెట్టారు. దారి పొడుగునా ఖాజా భాయ్ వెనక్కి తిరిగి తిరిగి, "భాభీ, ఆంఖా బంద్ నక్కో కరో, బాతా కర్తే రహో" అంటూ, కళ్లు మూసుకోనివ్వకుండా నన్ను మాట్లాడిస్తూనే ఉన్నాడు. నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. పాల క్యాన్ల గురించి మాట్లాడానట.

దగ్గర్లోని చిన్న నర్సింగ్ హోమ్‌లో ఈసీజీ తీశారు. డాక్టర్ ఆ కాగితం చూసి కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "టీ వేవ్స్ చూడండి ఎంత ఎత్తున్నాయో, గుండెకు ప్రమాదం. ఇక్కడ పెట్టుకోను. ఇంజెక్షన్ ఇచ్చి పంపుతా, వెంటనే పెద్దాసుపత్రికి పోండి" అన్నాడు. నాకు గుర్తున్న ఆఖరి మాట అదే.

ఆ తర్వాతది మా ఆయన చెబితే తెలిసింది. క్యాజువాలిటీలో రక్తం తీశారు. ఐదు లోపు ఉండాల్సిన పొటాషియం ఏడు దాటింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఒకటి దగ్గర ఉండాల్సింది, ఆరు దాటింది. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే అయితే మిషన్ కొలవగలిగినదాని కన్నా ఎక్కువ. రాబ్డోమయోలైసిస్ అన్నారు, అంటే కండరాలు చితికి ఆ చెత్తంతా రక్తంలోకి వచ్చి కిడ్నీలకు అడ్డం పడటం. అక్యూట్ కిడ్నీ ఇంజురీ అన్నారు. డయాలసిస్ వెంటనే పెట్టాలన్నారు. మా ఆయన కంగారులో కెప్టెన్‌కు ఫోన్ చేస్తే ఆయన వెంటనే కారేసుకుని వచ్చాడు. అది కూడా దాచను.

డ్యూటీ డాక్టర్ కుర్రవాడు. కారిడార్లో మా వాళ్లను నిలబెట్టి అడిగాడు.

"ఏమైనా మందులు వాడారా? పెయిన్ కిల్లర్స్ లాంటివి?"

"లేదు సార్, జరానికి ఒక్క గోలీ ఏస్కున్నది, శనివారం," అన్నాడు మా ఆయన. ఆయనకు తెలిసింది అంతే.

కెప్టెన్ ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాడు.

"మరి ఇంట్లో ఏమిచ్చారు?"

"కొబ్బరినీళ్లు ఇచ్చిన సారూ," అంది అత్తమ్మ. "నిన్న, మొన్న. ఇయ్యాల పొద్దుగాల గూడ ఒక చెంబెడు. బార్లీ గూడ ఇచ్చిన. వేడి చేసిందని."

ఆ డాక్టర్ కస్సుమన్నాడు. "కిడ్నీలు పనిచేయని మనిషికి కొబ్బరినీళ్లా? అందులో పొటాషియం ఎంతుంటుందో తెలుసా మీకు? గుండె ఆగిపోయేది! చంపుదామనుకున్నారా ఏంటి?"

పొటాషియం అంటే అత్తమ్మకు తెలియదు. ఆఖరి మాట మాత్రం తెలిసింది. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుందట. ఆమె భుజం తట్టి "పోనీలెండమ్మా, తెలియక చేశారు" అని ఓదార్చింది ఎవరో తెలుసా? కెప్టెనే. ఇది విన్నప్పుడు నాకు అసహ్యం వేసింది.

నాకు తెలివొచ్చేసరికి మెడలో గొట్టం ఉంది. డయాలసిస్ అంటే నొప్పి కాదు, చలి. ఒంట్లో రక్తం బయట తిరిగి చల్లబడి లోపలికొస్తుంటే ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకే. పక్క మంచం మీదున్న పెద్దాయన ఏళ్లుగా చేయించుకుంటున్నాడట, ఆ మిషన్‌ను చూస్తూ నిద్రపోయేవాడు. నేను ఆయన్ను చూసి నిద్రపోలేకపోయేదాన్ని. నా బతుకూ ఇంతేనా, కొట్టంలో బర్రెను కట్టేసినట్టు నన్నీ మిషన్‌కు కట్టేస్తారా అని ఒకటే ఫికర్. ప్రతి పొద్దునా నర్సు మూత్రం సంచి ఎత్తి చూసేది. అడుగున ముదురు రంగు నీళ్లు కొద్దిగా. రాసుకుని పోయేది.

మా నెఫ్రాలజిస్ట్ ఒక మేడం. కోపం లేదు, నవ్వూ లేదు. నేను మాట్లాడగలిగిన రోజు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"సుజాతా, రేసు రోజు పొద్దుట్నుంచి ఏమేం తిన్నావు, ఏమేం వేసుకున్నావు? అన్నీ చెప్పు."

అన్నీ చెప్పాను, గోలీల దగ్గరికి వచ్చేసరికి మేడం రాయడం ఆపింది.

"పెయిన్ కిల్లర్సా? ఎన్ని? మీవాళ్లు ఏమీ లేవన్నారని కేస్ షీట్‌లో ఉందే."

నా బెల్టు ఇంట్లోనే ఉందని చెప్పాను. మా ఆయన వెళ్లి తెచ్చాడు, సగం ఖాళీ అయిన స్ట్రిప్ అందులోనే ఉంది. మేడం దాన్ని వెనకా ముందూ తిప్పి చూసింది. "జ్వరంలో పరుగెత్తావు. ఒంట్లో నీళ్లు లేవు. దాని మీద ఇన్ని గోలీలు. నీ కిడ్నీలు దెబ్బతిన్నది ఆ రోడ్డు మీదే. కొబ్బరినీళ్లు తర్వాత వచ్చాయి, పొటాషియం పెంచాయి. అది వేరే సంగతి."

మేడం వెళ్లాక మా ఆయన్ను అడిగాను. "కెప్టెన్ సార్ చెప్పలేదా, గోలీలు ఆయనే ఇచ్చిండని?"

"డాక్టర్ అడిగినప్పుడు నా పక్కనే ఉండె గదనే," అన్నాడు మా ఆయన.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అదే వారంలో మెడ గొట్టానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. డయాలసిస్ మధ్యలో పళ్లు కొట్టుకునేంత చలిజ్వరం. ఆ గొట్టం తీసి ఇంకోవైపు పెట్టారు. తగ్గుతున్న సీపీకే చూసి మురిసిపోయిన మా ఆయన మళ్లీ దిగాలుపడ్డాడు. అత్తమ్మ రోజూ వచ్చేదట, ఐసీయూ తలుపు దాకా వచ్చి, లోపలికి మాత్రం రాకుండా వెళ్లిపోయేదట. రమ్మంటే, "నేనెందుకు బిడ్డా, దాని కాడికి" అనేదట.

కెప్టెన్ పూలగుత్తి పట్టుకుని వచ్చాడు. నేను గోలీల మాట ఎత్తేసరికి గొంతు తగ్గించాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు సుజాతా? అయిందేదో అయింది. గ్రూపుకు చెడ్డపేరు వస్తుంది. నీ మంచికే ఇచ్చాను కదా." ఆ రోజు సాయంత్రమే గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాడు. మన ఐరన్ లేడీ కోలుకుంటోంది, అందరూ ప్రార్థించండి, పరుగు తర్వాత ఇంటి వైద్యాలు చేయొద్దు, కొబ్బరినీళ్లు ప్రాణాంతకం అని. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. గోలీల గురించి ఒక్క ముక్క లేదు. మా గల్లీకి చెందిన ఒకబ్బాయి ఆ గ్రూపులో ఉన్నాడు. అంతే, రెండో రోజుకల్లా గౌలిపుర అంతా ఒకటే లొల్లి. అత్త కోడలికి కొబ్బరినీళ్లు తాగించి చంపబోయిందట.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా విషయంలో పిడికెడు పిడికెడు ఎవరూ పంచుకోలేదు, గంపంతా ఎత్తి అత్తమ్మ నెత్తిన పెట్టారు.

ఒక పొద్దున నర్సు సంచి ఎత్తి చూసి, "మేడం, యూరిన్ వస్తోంది!" అని అరిచింది. లేత పసుపురంగు. నేను ఏడ్చాను. మూత్రం చూసి ఏడుస్తారా అని మీరు నవ్వుకోవచ్చు, ఆ మంచం మీద పడుకున్నవాళ్లు నవ్వరు. ఆ తర్వాత డయాలసిస్ రోజు విడిచి రోజైంది, తర్వాత ఆపేశారు. మెడ గొట్టం తీసేశారు. ఇంటికొచ్చాను.

డిశ్చార్జ్ చేసేటప్పుడు మేడం చెప్పింది. "పూర్తిగా పోయిన కిడ్నీలు కొంత తిరిగొచ్చాయి. అంతే. ఇంకో దెబ్బ పడితే ఈసారి మిషన్ నుంచి దింపలేను. మారథాన్లు వద్దు. పెయిన్ కిల్లర్ జన్మలో వద్దు." క్రియాటినిన్ కిందికి దిగుతూ వచ్చి ఒకటిన్నర దగ్గర మొండికేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంట్లో నేను ఊహించనిది ఎదురైంది. అత్తమ్మ నాకు తిండి పెట్టడం మానేసింది. కోపంతో కాదు, భయంతో. వండుతుంది, మా ఆయన చేతికిస్తుంది, "డాక్టర్‌ను అడిగినవా, ఇది తినొచ్చునా?" అంటుంది. పెళ్లయిన కొత్తలో నేను అలిగి పడుకుంటే ముద్దలు కలిపి నోట్లో పెట్టిన మనిషి. మరుసటి బోనాలకు ఇంట్లో బోనం వండే వేళకు ఆమె కుండ ముట్టలేదు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ అమ్మవారికి బోనం వండింది ఆమె చెయ్యే.

"నా చెయ్యి మంచిది గాదు. నువ్వే వండు," అంది.

"ఏందత్తమ్మా గట్లంటవ్? మేడం చెప్పింది నీతోని కాలేదని."

"మేడం నీ మనసు నిమ్మళం చేసేతందుకు అన్నదే."

అందుకని ఈసారి ఓపీకి ఆమెను వెంట తీసుకుపోయాను. మేడం ఎదురుగా కూర్చోబెట్టాను. మేడం ఓపిగ్గా చెప్పింది. "అమ్మా, ఈమె కిడ్నీలు పాడైంది మీవల్ల కాదు. పరుగువల్ల, గోలీలవల్ల."

అత్తమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "మరి నేను ఆ నీళ్లు ఇయ్యకుంటే గుండె గట్ల కొట్టుకుంటుండెనా మేడం?"

మేడం అబద్ధం చెప్పే మనిషి కాదు. "అంత పెరిగేది కాదేమో," అంది. అత్తమ్మ తలూపింది. ఆ రోజు మేడం చెప్పినవాటిలో ఆమె ఇంటికి మోసుకొచ్చింది ఆ ఒక్క మాటే.

అప్పుడర్థమైంది, ఆమెకు కావాల్సింది వైద్యుల మాట కాదని. గోలీలు ఇచ్చినవాడు వచ్చి, నేనిచ్చాను, అడిగినప్పుడు చెప్పలేదు అనాలి. మళ్లీ మారథాన్ రోజులొచ్చాయి. కెప్టెన్ ఫోన్ చేశాడు. స్టేజీ మీద నన్ను సన్మానిస్తారట. నా అనుభవం చెప్పాలట, ఇంటి వైద్యాల ప్రమాదం గురించి.

"స్టేజి ఎందుకు సార్? ఒక్కసారి మా ఇంటికి రాండ్రి. మా అత్తమ్మకు ఒక్క ముక్క చెప్పుండ్రి, గోలీలు మీరిచ్చిన్రని. అన్నీ మర్చిపోత."

"అలా చెబితే లీగల్‌గా ప్రాబ్లమ్ అవుతుంది సుజాతా. అర్థం చేసుకో."

నేను అర్థం చేసుకున్నాను. మరుసటి రోజు నన్ను గ్రూపులోంచి తీసేశారు. మారథాన్ నాడు నా జెండా ఇంకొకామె పట్టుకుంది. ఫొటోలో చూశాను, ఆమె కూడా మొదటిసారి మధ్యలో నిలబడి నవ్వుతోంది. ఆమె నంబర్ సంపాదించి ఫోన్ చేసి గోలీల సంగతి చెప్పాను. "థాంక్స్ అక్కా, కానీ కెప్టెన్ సార్ అలాంటివారు కాదు" అంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

ఇప్పుడు నేను పరుగెత్తను. పొద్దున్నే నడుస్తాను, ఫలక్‌నుమా దాకా కాదు, సగం దూరం. పాలు పోయడం మా ఆయన, నేను పంచుకున్నాం. మూడు నెలలకోసారి రక్తపరీక్ష, ఆ కాగితం వచ్చేదాకా నిద్రపట్టదు. బూట్లు ఇంకా అటక మీద ఉన్నాయి. పారేయాలనుకుంటాను, చేతులు రావు. పరుగు మీద నాకు కోపం లేదు, అదొక్కటే నాకు నా సొంతమనిపించింది. దాన్నే నా దగ్గర్నుంచి గుంజుకున్నారు. అత్తమ్మ ఇప్పటికీ తన చేత్తో నాకు మంచినీళ్లు కూడా ఇవ్వదు. దాహమైతే నేనే లేచి ముంచుకుంటాను, ఆమె కళ్లు తిప్పుకుంటుంది.

పరుగెత్తే అక్కాచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఒక్క మాట చెబుతాను. పరుగు తర్వాత మూత్రం నల్లబడితే వేడి అనుకుని కూర్చోకండి, ఆసుపత్రికి పొండి. పోయేటప్పుడు ఆ రోజు మింగిన ప్రతి గోలీ స్ట్రిప్ ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టి పొండి. మీకు తెలివి తప్పితే మీ తరఫున చెప్పాల్సింది వాళ్లే. నేను ఆ స్ట్రిప్‌ను ఆదివారమే అత్తమ్మ చేతిలో పెట్టి ఉంటే, డాక్టర్ అడిగినప్పుడు కొబ్బరినీళ్ల సంగతి చెప్పినట్టే దాన్నీ ముందు పెట్టేది. ఆ కారిడార్లో అడిగినదానికి తెలిసిందంతా దాచకుండా చెప్పింది అత్తమ్మ. తెలిసి నోరు మూసుకున్నవాడు మళ్లీ వచ్చే ఏడాది కూడా స్టార్ట్ లైన్ దగ్గర నిలబడతాడు, నడుముకు సంచి కట్టుకుని.